ఇంకొంచెం మామ

మా మామ లెక్కలో ఈ భూమ్మీద ఇంతవరకూ ఏదీ అయిపోలేదు. సబ్బు అయిపోలేదు, అగ్గిపెట్టె అయిపోలేదు, తెగిన చెప్పు అసలే అయిపోలేదు. ఎవరైనా "అయిపోయింది" అని ఏదైనా పారేయబోతే చాలు, ఎక్కణ్ణుంచి వస్తాడో వచ్చి చెయ్యి పట్టుకుంటాడు. దాన్ని వెలుతురుకి ఎత్తి, ఇటూ అటూ తిప్పి చూసి, "ఆగాగు, ఇంకొంచెం ఉంది" అంటాడు. ఈ మాట రోజుకి వందసార్లు అంటాడు కాబట్టి అందరికీ ఆయన ఇంకొంచెం మామ. అసలు పేరు ఒకటి ఉండే ఉంటుంది. ఎక్కువ వాడితే అరిగిపోతుందని దాచుకున్నాడేమో.

నాకు సొంత మామేం కాదు. వరసగా ఉన్న అద్దె గదుల్లో మాదీ ఆయనదీ పక్కపక్కన, మధ్యలో ఒకటే గోడ. మా ఆవిడ ఆయన్ని "బాబాయ్" అని పిలవడం మొదలుపెట్టింది కాబట్టి నాకు మామయ్యాడు. నన్ను చూసి పనిలో అందరూ మామనేశారు. పనిలో కూడా పక్కపక్కనే. కట్టే ఇళ్ళలో నేను బస్తాలు మోస్తాను, ఆయన రంగులేస్తాడు. మనిషి చూడ్డానికి నిచ్చెనకి చొక్కా తొడిగినట్టు ఉంటాడు.

డబ్బాలో రంగు అయిపోయిందంటే ఆయన నమ్మడు. వంగి, వేలి కణుపుతో డబ్బాని మూడుసార్లు కొట్టి, చెవి ఆనించి వింటాడు. డాక్టరు గుండె విన్నట్టే.

"ఉంది."

"ఎక్కడుంది మామా? అడుగు కనిపిస్తోంటే?"

"అడుగు కనిపిస్తోంది గానీ అంచు చూశావా? మూత చూశావా? మూతకి అంటుకున్నదే ఒక కిటికీకి వస్తుంది."

వచ్చేది. అక్కడే మాకు ఒళ్ళు మండేది. ఆయన చెప్పింది ప్రతిసారీ నిజమయ్యేది.

ఒకసారి మా సూపర్‌వైజరు ఈయన్ని పట్టుకోవాలని ఒక డబ్బాని శుభ్రంగా కడిగి, తుడిచి, ఎండబెట్టి తెచ్చి ముందు పెట్టాడు. "ఏం మామా, ఇందులో?" మామ కొట్టాడు, విన్నాడు. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ విన్నాడు. మేమంతా పనులాపి చూస్తున్నాం. "రంగు లేదు," అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. "కానీ డబ్బా ఉందిగా," అని చంకలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. ఆయన గదిలో కూర్చోడానికి ఐదు డబ్బాలుండేవి, అది ఆరోది.

ఆ గది రంగు గురించి కూడా చెప్పాలి. పది ఇళ్ళలో మిగిలిన రంగులన్నీ ఒక డబ్బాలో కలిపి వేసుకున్నాడు. అది ఏ రంగో ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేదు. పొద్దున చూస్తే వంకాయ లాగా, మధ్యాహ్నం తడిసిన ఇటుక లాగా, సాయంత్రం కొంచెం జ్వరం వచ్చినట్టు ఉంటుంది.

ఇంట్లో సంగతులు నాకు గోడ చెప్పేది. ఒకరోజు మా ఆవిడ పళ్ళు తోముకునే పేస్టు ట్యూబుని నొక్కీ నొక్కీ విసిరేసింది. మర్నాడు పొద్దున్నే గోడ అవతల నుంచి గడగడమని సీసా దొర్లుతున్న చప్పుడు. అది ఆగాక కత్తెర చప్పుడు. వారం పైన రెండు రోజులు పోయాక మామ మా గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో, సీసాతో చదును చేసి పొట్ట చీల్చిన ట్యూబు.

"అమ్మాయ్, నువ్వు పారేసింది నాకు తొమ్మిది రోజులొచ్చింది. చెప్పిపోదామని వచ్చా."

"బాబాయ్, మా చెత్త కూడా వదలవా?"

"చెత్త అని ముందే పేరు పెట్టేస్తే ఎలా తల్లీ?"

ఆవిడ తిట్టుకుంటూ తలుపేసింది. ఆ నెలాఖరుకి మా ఇంట్లో కత్తెర కనబడటం మానేసింది. వెతికితే పేస్టు పక్కన దొరికింది. తర్వాత గిన్నె మీద మూత లేకుండా ఏదీ ఉడకడం లేదు. అన్నం ఇంకా పొయ్యి మీద ఉండగానే మంట ఆపేసి, "మిగతాది దాని వేడికే అవుతుంది, బాబాయ్ చెప్పాడు" అంటోంది. అరిగిన సబ్బు ముక్కలు నాలుగు కలిసి ఒక ముద్దయ్యాయి. సంచి తీసుకుని బజారుకి బయల్దేరితే నన్ను ఆపి కూర్చోబెట్టి రొట్టె ముక్క పెడుతోంది.

"ఇప్పుడెందుకే?"

"కడుపు ఖాళీగా ఉంటే సంచి నిండిపోతుందట. తిని వెళ్ళు."

తిని వెళ్ళాను. నిజమే, సంచి సగమే నిండింది. చెప్పానుగా, ఒళ్ళు మండేది అక్కడే.

ఆయన చిట్కాలన్నిటికీ పెద్దది తువ్వాలు. భుజం మీద ఎప్పుడూ ఒక పాత తువ్వాలుంటుంది. ఏదైనా కొనాలనిపిస్తే కొనడు, తువ్వాలుకి ఒక ముడి వేస్తాడు. ఏడు రోజులాగి ఆ ముడి చూస్తాడు. ఎందుకు వేశాడో గుర్తుంటే కొంటాడు. గుర్తులేకపోతే విప్పేస్తాడు. "ఏడు రోజులకే నేను మర్చిపోయిన వస్తువు, ఏడేళ్ళు నాతో ఎట్లా ఉంటుంది అల్లుడూ?" అంటాడు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ తువ్వాలు నిండా ముడులే. మొహం తుడుచుకుంటే ముక్కు గీరుకుపోయేది. ఒకరోజు మధ్యాహ్నం నా పక్కన కూర్చుని వరసగా ఐదు ముడులు విప్పాడు. ఒక్కటీ గుర్తులేదట. మొహం వెలిగిపోయింది.

"ఐదు వస్తువులు మిగిలాయి అల్లుడూ! టీ తాగుదాం."

"నువ్వు తాగిస్తావా?"

"నీ దాంట్లో సగం పొయ్యి."

మా ఆవిడ కూడా మొదలుపెట్టింది. తువ్వాలు లేదు కాబట్టి కిటికీ తెరకి వేసింది. నెల తిరిగేసరికి తెర ముడులు పడీ పడీ మోకాళ్ళ పైకి లాగిన లుంగీలా పైకెళ్ళిపోయింది. దారిన పోయేవాళ్ళంతా మా ఇంట్లోకి చూస్తూ పోతున్నారు.

"ఈ ముడి దేనికే?"

"కొత్త తెర కొనడానికి."

మామ తువ్వాలుకి ఒక మూల మాత్రం ఒక ముడి ఉండేది. అది ఎంతకీ విప్పడు. ఏడు రోజులు పోయాయి, ఏడు వారాలు పోయాయి. తక్కిన ముడులు వస్తున్నాయి, పోతున్నాయి, ఇది మాత్రం రాయిలా గట్టిపడి అక్కడే ఉంది. మాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. ఎలక్ట్రీషియను ఏమన్నాడంటే, "భార్య పోయి ఒంటరిగా ఉన్నాడుగా, మళ్ళీ పెళ్ళి చేసుకుంటాడు, అదే ముడి." వెల్డరు, "కాదు, టీవీ." మా ఆవిడ, "పైపళ్ళు రెండు కదులుతున్నాయి, పళ్ళ సెట్టు అయ్యుంటుంది." నేనైతే నేరుగా అడిగాను.

"మామా, ఆ మూల ముడి దేనికి?"

"గుర్తుంది."

"గుర్తుంటే కొనెయ్యొచ్చుగా?"

"అది నా చేతిలో లేదు," అని నిచ్చెనెక్కేశాడు.

ఆయనకి ముడి ఉన్నట్టే, ఆ రోజుల్లో నాకూ ఒకటి ఉండేది. నడుము. బస్తా భుజానికెత్తుకుంటే కింద ఎక్కడో తలుపు కిర్రుమన్నట్టు అయ్యేది. ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా. చెబితే ఏమవుతుందో తెలుసు. బస్తా మొయ్యలేనివాడికి గేటు అవతలే చోటు. సూపర్‌వైజరు చెడ్డవాడు కాదు, కానీ మెట్లెక్కలేనివాణ్ణి ఏం చేసుకుంటాడు? బడి మానేసిన రోజు నుంచీ నేను భుజం మీదే బతికాను. నాకు తెలిసిన పని అదొక్కటే. అందుకని పళ్ళు బిగించి మోసేవాణ్ణి.

మామ ఒకరోజు నిచ్చెన మీంచే పిలిచాడు. "అల్లుడూ, ఆరో మెట్టు దగ్గర ఏముంది?"

"ఏముంది?"

"రోజూ అక్కడ ఆగి చూస్తున్నావు. నేనూ వెళ్ళి చూశాను. ఏం కనబడలేదు."

"ఊపిరి తీసుకుంటున్నా మామా."

"నడుమేమైనా..."

"నడుముకేం? దుక్కలా ఉన్నాను!"

"ఊఁ," అన్నాడు. అంతే.

తర్వాత నెలకేమో, సిమెంటు లారీ రాక నేను ఖాళీగా కూర్చున్నాను. మెట్ల కింద మామ డబ్బా ఒకటి కనబడింది. లోపల ఏదో మురికి నీళ్ళలాంటివి, అడుగున బురద. పాపం ముసలాయన, కడుక్కోడానికి ఓపిక లేక వదిలేశాడనుకున్నాను. గోడ వారన పారబోసి, ఇసుకేసి తోమి, అద్దంలా చేసి ఆయన ముందు పెట్టాను. మంచిపని చేస్తే మనిషికి ఛాతీ ఎలా పొంగుతుందో అలా పొంగింది.

మామ డబ్బా చూశాడు. నన్ను చూశాడు. మళ్ళీ డబ్బా చూశాడు.

"ఇందులోది ఏది?"

"పారబోశా మామా. కంపు కొడుతోంది."

"అల్లుడూ," అన్నాడు నీరసంగా, "అది టర్పెంటైన్ రా. బ్రష్షులు కడిగింది. కదపకుండా పదిహేను రోజులుంచితే రంగు అడుక్కి దిగి, పైన తేట తేరుతుంది. మళ్ళీ కొత్తదే. రేపటికి పదిహేనో రోజు. పసిపిల్లని నిద్రపుచ్చినట్టు పుచ్చాను దాన్ని."

వెళ్ళి గోడ వారన తడి మట్టి దగ్గర గొంతుక్కూర్చున్నాడు. పాపం అనిపించి నేనూ పక్కన కూర్చున్నాను. "మామా... ఇంకొంచెం కూడా లేదు," అన్నాను. అనకుండా ఉండాల్సింది.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే వచ్చాడు. "కోపం అనుకోకు. మాటలు ఆదా చేశాను. నీకు జరిమానా వేస్తున్నా. రోజూ మధ్యాహ్నం తిన్నాక అరగంట నా దగ్గర పని చెయ్యాలి."

"ఎన్నాళ్ళు?"

"నా కడుపుమంట చల్లారేదాకా."

ఆ మంట చల్లారితే ఒట్టు! ఎనిమిది నెలలు. అందరూ తిని నీడలో నడుం వాలుస్తుంటే నేను ఉప్పుకాగితం పెట్టి గోడలు రుద్దుతున్నాను. బీటలకి లప్పం పెడుతున్నాను. తర్వాత బ్రష్షు చేతికిచ్చి కిటికీ అంచులు వెయ్యమన్నాడు. అద్దానికి రంగు అంటితే తుడిపించి మళ్ళీ. గీత వంకరపోతే మళ్ళీ. "ఊపిరి బిగబట్టకు, బస్తా కాదు అది. మణికట్టు వదులు చెయ్యి. బ్రష్షు నిన్ను మొయ్యాలి, నువ్వు దాన్ని కాదు."

సాయంత్రం మా ఆవిడ దగ్గర వెళ్ళగక్కేవాణ్ణి. "ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషే, మీ బాబాయి! డబ్బాడు మురికి నీళ్ళకి ఇన్ని నెలలు ఊరికే పని పిండుకుంటున్నాడు. నన్ను కూడా ట్యూబులా కోసి చూస్తున్నాడు."

"నువ్వెందుకు పారబోశావు మరి?" అనేది. ఆవిడ ఆయన పక్షం.

ఇక ఆ రోజు వచ్చింది. మూడో అంతస్తుకి సిమెంటు ఎక్కిస్తున్నాను. ఆరో మెట్టు దాటాను, ఏడు దాటాను, తొమ్మిదో మెట్టు మీద లోపలి తలుపు కిర్రుమనలేదు, ధడాల్న పడిపోయింది. బస్తా ఒక పక్కకి, నేనొక పక్కకి. కాళ్ళున్నాయో లేదో తెలియలేదు. పొగలా లేచిన సిమెంటులో అలాగే కూర్చుండిపోయాను. నలుగురు చేరి గోడకి ఆనించారు. సూపర్‌వైజరు వచ్చి చూశాడు. లేవమన్నాడు. లేవబోయి మళ్ళీ కూర్చున్నాను. ఎన్నాళ్ళ నుంచి అని అడిగాడు. ఇంకేం దాస్తాను, ఏడాది దాటిందని చెప్పాను.

ఆయన తలపట్టుకుని పక్కనున్నవాళ్ళతో మెల్లగా అన్నాడు, "ఇతని పని అయిపోయిందయ్యా. రేపట్నుంచి ఇంకొకణ్ణి చూడండి."

మెల్లగా అన్నా నాకు వినబడింది. నాకొక్కడికే కాదు, నాలుగో గదిలో నిచ్చెన మీదున్న మనిషికి కూడా వినబడింది. ఈ భూమ్మీద ఎక్కడ "అయిపోయింది" అన్నా ఆయనకి వినబడుతుంది. నిచ్చెన కిందకి దిగిన చప్పుడు, చెప్పుల చప్పుడు. ఒక చెప్పు టపటప, ఇంకోటి టిక్కుటిక్కు, ఎందుకంటే అవి రెండు జతలవి. వచ్చాడు. నా ముందు వంగాడు. వేలి కణుపుతో నా భుజం మీద మూడుసార్లు కొట్టాడు. చెవి ఆనించాడు.

అంత నొప్పిలోనూ నాకు నవ్వొచ్చింది. అందరికీ వచ్చింది. సూపర్‌వైజరు కూడా ఆపుకోలేక, "ఏం మామా, ఇంకొంచెం ఉందా?" అన్నాడు.

"ఇంకొంచెం కాదు," అన్నాడు మామ లేస్తూ. "చాలా ఉంది."

ఆయన నోట "చాలా" అన్న మాట మేమెవరం అంతకుముందు వినలేదు.

"ఏం చేస్తాడయ్యా, లేవలేడు కదా?"

"పది రోజులు పడుకుంటే లేస్తాడు. బస్తా ఎత్తడు, రంగేస్తాడు."

"ఇతను రంగేంటి? రంగు వెయ్యడం వచ్చా?"

"రెండో అంతస్తు కిటికీలు చూసి, చెయ్యి తిరిగినవాడి పనిలా ఉంది మామా అని మొన్న మీరే అన్నారు. అవి ఎవరు వేశారనుకున్నారు?"

సూపర్‌వైజరు నన్ను చూశాడు. నేను మామని చూశాను. మీతో ఒట్టేసి చెబుతున్నాను, అది నాకూ అప్పుడే తెలిసింది. ఎనిమిది నెలలు నేను జరిమానా కడుతున్నాననే అనుకున్నాను.

"గోడ పాడైతే?" అన్నాడు సూపర్‌వైజరు.

"నా కూలిలో కొయ్యండి," అన్నాడు మామ. అక్కడున్నవాళ్ళంతా ఒక్కసారి నోరు తెరిచారు. సూపర్‌వైజరు సరేనని తలూపాడు. ఇంకొంచెం మామ తన కూలిలో కొయ్యమన్నాక ఇంక కాదనేదేముంది?

నాలుగు రోజులు పోయాక, నేను గోడ పట్టుకుని నడవగలిగాక, నన్నూ మా ఆవిణ్ణీ తన గదికి పిలిచాడు. ఆరు డబ్బాల్లో గట్టివి రెండు చూసి మమ్మల్ని కూర్చోబెట్టాడు. తువ్వాలు తీసి ఒళ్ళో వేసుకుని ఆ మూల ముడి విప్పడం మొదలుపెట్టాడు. రాదే! వేళ్ళతో లాగాడు, కదిలే పళ్ళతో కూడా లాగాడు. ఏడాది ముడి. మా ఆవిడ కత్తెర తెచ్చింది.

"కత్తిరించకు తల్లీ! తువ్వాలు ఇంకొంచెం ఉంది!"

చివరికి చెంచా కాడ దూర్చి ముగ్గురం కుస్తీపడితే ఊడింది. అప్పుడు మంచం కిందకి వంగి కాగితంలో చుట్టిన పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. విప్పాను. బ్రష్షు. పాత బ్రష్షు కాదు, కొత్తది. కుచ్చు మీద కొట్టువాళ్ళ అట్ట తొడుగు కూడా ఉంది. మా ఆవిడ దాన్ని తాకి, వాసన చూసి, "బాబాయ్, ఇది నువ్వు కొన్నావా? డబ్బులిచ్చి?" అంది.

"పాత బ్రష్షుని లొంగదీసుకోవడం చెయ్యి తిరిగినవాడి పని. కొత్తవాడికి కొత్తదే కావాలి," అన్నాడు సిగ్గుపడుతూ, దొంగతనం బయటపడ్డట్టు. "ఇతను ఆరో మెట్టు దగ్గర ఆగిన రోజున ముడి వేశాను. ఏడు రోజులు చూశాను, మర్చిపోలేదు. కొనేశాను. ఇవ్వడం మాత్రం కుదర్లేదు."

"అప్పుడే ఇస్తే పోయేదిగా మామా? ఏడాది మోశాను కదా!"

"అప్పుడిస్తే ఏమనేవాడివి?"

ఆలోచించాను. దుక్కలా ఉన్నాననేవాణ్ణి.

ఆ కాగితం నలుపుతూ కూర్చున్నాను. మామ అదే చూస్తున్నాడు. చివరికి ఉండలేక చెయ్యి చాపాడు. "ఆ కాగితం నలపకు అల్లుడూ, ఇటియ్యి. ఇంకొంచెం పనికొస్తుంది."

అది జరిగి చాలా ఏళ్ళయింది. నేనిప్పుడు రంగులే వేస్తున్నాను. నడుము అప్పుడప్పుడు పలకరిస్తుంది గానీ తలుపు మాత్రం పడలేదు. మామ నిచ్చెనెక్కడం మానేసి, డబ్బా బోర్లించుకుని కింద కూర్చుని నాకు తప్పులు చెబుతుంటాడు. టర్పెంటైన్ డబ్బా దగ్గరికి మాత్రం ఇప్పటికీ నన్ను పోనివ్వడు.

మొన్న ఆ బ్రష్షుని ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. కుచ్చు అరిగి అరిగి గోరంత అయింది. ఎన్నిసార్లు కిరసనాయిలులో నానబెట్టానో, ఎన్నిసార్లు దువ్వానో. "మామా, నీ లెక్క నాకు తెలుసు. అయినా చూడు," అని చేతికిచ్చాను.

వెలుతురుకి ఎత్తాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. బొటనవేలితో రుద్దాడు.

"అవును అల్లుడూ," అన్నాడు. "ఇది అయిపోయింది."

ఈయన నోట ఆ మాటా? నుదుటి మీద చెయ్యేసి చూశాను, జ్వరమేమో అని. చల్లగానే ఉంది. మా ఆవిణ్ణి కేకేద్దామని వెనక్కి తిరిగాను.

వెనకనుంచి టక్కుమని చప్పుడైంది. తిరిగి చూస్తే కుచ్చు ఊడబెరికి పక్కన పెట్టి, మిగిలిన పిడితో డబ్బాలో రంగు కలుపుతున్నాడు.

"పిడి మాత్రం," అన్నాడు తలెత్తకుండా, "ఇంకొంచెం ఉంది."